సప్తపది తప్పనిసరైతే జీవన విధానమని ఎలా అంటాం?

తామరాకు:
హిందూ అనేది మతం కాదు, జీవన విధానం అని సుప్రీంకోర్టే చెప్పిందంటూ 1995 డిసెంబరు తీర్పు చూపిస్తారు. అదే కోర్టు 2024 ఏప్రిల్‌లో ఇంకో మాట చెప్పింది. తంతు ఏదీ జరపకుండా ధ్రువపత్రం తీసుకుని రిజిస్టరు చేయించుకుంటే అది హిందూ వివాహం కాదంది. తంతు లేకుండా పెళ్ళే లేదంటే అది మతం కాక ఇంకేమిటి? తెలిసినవాళ్ళు చెప్పండి.

నల్లరేగడి:
చిక్కంతా "మతం" అనే మాటను ఇంగ్లీషు అర్థంలో వాడటం వల్ల వచ్చింది. మన దగ్గర మతమంటే అభిప్రాయం. అభిమతం, సమ్మతం అన్నవి అందులోంచి వచ్చినవే. శంకర మతం, రామానుజ మతం, మధ్వ మతం అని పెద్దలు అన్నది కూడా ఆ అర్థంలోనే. ఇన్ని మతాలు ఇమిడే దాన్ని మళ్ళీ ఒక మతం అనడం ఎలా కుదురుతుంది? తిరుమల కొండమీద పూజ వైఖానసం పద్ధతిలో, కింద తిరుచానూరులో పాంచరాత్రం పద్ధతిలో. రెండూ వేర్వేరు ఆగమాలు, అంటే గుడి పూజాశాస్త్రాలు. ఊరి పొలిమేరలో పోలేరమ్మకు ఏ ఆగమమూ లేదు, వేపాకూ పసుపునీళ్ళూ చాలు. ఈ ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్న ఒక్క సిద్ధాంతం చూపించండి. 1966లో సుప్రీంకోర్టు తీర్పులో జస్టిస్ గజేంద్రగడ్కర్ రాసిందీ ఇదే: ఒక ప్రవక్త లేడు, ఒకే దేవుడు లేడు, ఒకే సిద్ధాంతం లేదు.

గోదారిమెట్టు:
రేగడి గారి మాటే నాదీ.

పాతదస్తావేజు:
1995 తీర్పును అందరూ దాని పరిధి దాటించి వాడుతున్నారు. అక్కడి ప్రశ్న చాలా చిన్నది. ఎన్నికల ప్రసంగంలో "హిందుత్వ" అనే మాట వాడితే, అంతమాత్రాన 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద మతం పేరిట ఓట్లడిగినట్టు అవుతుందా అన్నది. కాదన్నారు. 2017 జనవరి 2న ఏడుగురు జడ్జీల ధర్మాసనం 4–3తో ఆ సెక్షన్ పరిధిని పెంచింది గానీ హిందుత్వ అర్థం జోలికి పోలేదు.

పెళ్ళికి, ఆస్తికి వర్తించేది చట్టం. 1955 హిందూ వివాహ చట్టం సెక్షన్ 2లో "మతరీత్యా హిందువు" అని స్పష్టంగా ఉంది. దాని ఫలితం 2008లో చూశాం. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసు: గుడిలో తాళి కట్టారు, రిజిస్ట్రేషనూ అయింది. వరుడు రోమన్ కాథలిక్ కాబట్టి, ఇద్దరూ హిందువులైతేనే ఈ చట్టం కింద పెళ్ళని సుప్రీంకోర్టు చెప్పేసింది. జీవన విధానమే లెక్కయితే, గుడిలో తాళి కట్టిన మనిషికి ఇంకేం తక్కువైంది?

నల్లరేగడి:
దస్తావేజు గారూ, అదే సెక్షన్ ఇంకొంచెం కిందికి చదవండి. ముస్లిం, క్రైస్తవుడు, పార్సీ, యూదు కాని ప్రతి ఒక్కరికీ ఈ చట్టం వర్తిస్తుందని ఉంది. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా ఇందులోనే. షెడ్యూల్డ్ తెగలకు మాత్రం కేంద్రం నోటిఫై చేస్తే తప్ప వర్తించదు. కాబట్టి ఆదిలాబాద్ గోండుల పెళ్ళికి గోండు ఆచారమే చట్టం. ఇది విశ్వాసం బట్టి చేసిన లెక్కేనా?

ఏటిగట్టు:
సప్తపది అంటే అగ్ని చుట్టూ ఏడు ప్రదక్షిణలే కదా?

స్మార్తం:
కాదండి. ఈ పొరపాటు సినిమాల వల్ల బాగా ముదిరింది. ఏడుసార్లు తిరగడం ఉత్తరాది పద్ధతి. చట్టం సెక్షన్ 7లో ఉన్నది కూడా ఏడు అడుగులే. సప్తపది జరిపే పెళ్ళిలో ఏడో అడుగుతో వివాహం పూర్తయినట్టు.

మనలో ఎక్కువమంది ఆపస్తంబ సూత్రంవాళ్ళు, అంటే ఆపస్తంబుడు రాసిన గృహ్యసూత్రం (ఇంటి కర్మల గ్రంథం) ప్రకారం పెళ్ళి చేసుకునేవాళ్ళు. అగ్నికి ఉత్తరంగా వధువు కుడికాలు ముందు పెట్టించి ఒక్కో అడుగుకూ ఒక మంత్రం చెప్పాలి. మొదటిది "ఏకమిషే", అన్నానికి. రెండోది "ద్వే ఊర్జే", బలానికి. మూడు వ్రతానికి, నాలుగు సుఖానికి, అయిదు పశువులకు, ఆరు ఋతువులకు, ఏడు హోత్రలకు, అంటే యజ్ఞం చేసే ఋత్విక్కుల పనులకు. ఏడో అడుగు మీద ఆగి "సఖా" అని మొదలయ్యే మంత్రం. భార్యను స్నేహితురాలా అని పిలిచే చోటు అది.

జరుగుతున్నదేమిటంటే, ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టగానే అక్షింతలు వేసి జనం భోజనాలకు లేస్తారు. తాళి, తలంబ్రాలు అయ్యాక ఫోటోలు. హోమం వేళకు హాలు ఖాళీ చెయ్యమని తొందర. ఏడు మంత్రాలూ ఒక్క ఊపిరిలో చదివేసి మూడు అడుగులు వేయించేస్తారు. దక్షిణ తీసుకున్నవాళ్ళం, ఈ తప్పులో మాకూ భాగముంది.

ఇంకో మాట. జీలకర్ర బెల్లం గృహ్యసూత్రంలో లేదు. మంగళసూత్రమూ లేదు. రెండూ దేశాచారమే, అంటే ఈ ప్రాంతపు అలవాటే.

నల్లరేగడి:
చూశారా! తెలుగువాళ్ళు పెళ్ళి అయిందని అనుకునే క్షణం గ్రంథంలోనే లేదు. అందుకే జీవన విధానం అంటున్నాను.

పాతదస్తావేజు:
గ్రంథంలో లేనిది మతంలో లేనట్టు కాదు. 1954 శిరూరు మఠం కేసులోనే కోర్టు చెప్పింది: మతమంటే నమ్మకమే కాదు, పూజావిధానమూ ఆచారమూ అందులో భాగమే. మతం కాదని మీరు వదిలేస్తే మత వ్యవహారాలను మతశాఖలే నడుపుకోవచ్చన్న రాజ్యాంగం ఆర్టికల్ 26 రక్షణ కూడా వదులుకున్నట్టే. దేవాలయ నిర్వహణ గురించి రేపు ఏ హక్కుతో అడుగుతారు?

శారద_కె:
ఇంతసేపూ మీరంతా జీలకర్ర గురించే మాట్లాడుతున్నారు. హోమమే లేని పెళ్ళిళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు. కులపెద్ద ఎదుట తాళి కట్టి, తలంబ్రాలు పోసుకుంటే పెళ్ళయిపోయే కుటుంబాలు లెక్కలేనన్ని. సెక్షన్ 7 ప్రకారం ఇద్దరిలో ఎవరి ఆచారమైనా చాలు. చదవడానికి బాగుంటుంది. కోర్టుకెక్కితే ఆ ఆచారం చాలాకాలంగా, ఎడతెగకుండా, ఒకే తీరున ఉందని నిరూపించుకోవాల్సింది అలా పెళ్ళయిన ఆడమనిషే. సప్తపదిని ఎవరూ అలా నిరూపించుకోనక్కర్లేదు. 1965లో మహారాష్ట్ర కేసు చూడండి. భర్త రెండో పెళ్ళి చేసుకున్నాడని మొదటి భార్య కేసు పెట్టింది. హోమమూ సప్తపదీ జరగలేదు, ఆచారమూ రుజువు కాలేదు, కాబట్టి అది పెళ్ళే కాదని అతన్ని వదిలేశారు. మొదటామెకు న్యాయం దక్కలేదు, రెండో ఆమెకు పెళ్ళే దక్కలేదు.

స్మార్తం:
శారద గారు అన్నది నిజం. తక్కిన ఆచారాలు స్త్రీలను అడిగి తెలుసుకోమని ఆపస్తంబుడే సూత్రం రాశాడు. గ్రంథం ఆచారాన్ని తోసిపుచ్చలేదు.

శారద_కె:
అలాంటప్పుడు సాక్ష్యం దగ్గర మాత్రం గ్రంథానికే పెద్దపీట ఎందుకు? అసలు సంగతి చెప్తాను. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులు బయటే. అదే వాడ, అదే ఇల్లు, అదే కూలి, అదే పెళ్ళి భోజనం. చర్చికి మారితే ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి, అంటే వెనుకబడిన తరగతుల్లో ఒక గ్రూపు. రేగడి గారూ, జీవన విధానంలో ఏం మారిందని ఆ హోదా పోయింది?

నల్లరేగడి:
దాన్ని దీనితో కలపొద్దు. అది రాజకీయం.

శారద_కె:
కలిపింది చట్టం, నేను కాదు. రమ్మన్నప్పుడు జీవన విధానం, వెళ్తే మతం. మీ వాదన ఇదే అయితే సూటిగా అనండి.

నల్లరేగడి:
సూటిగానే అంటున్నాను. పుట్టుకతో వచ్చేదాన్ని సభ్యత్వ పత్రంలా చించేసుకోవడం కుదరదని నా నమ్మకం. దేవుణ్ణి మార్చుకోవచ్చు, ఈ నేల నడవడి పోదు.

పాతదస్తావేజు:
అలాగైతే ఆ మూడో పేరా తప్పని మీరే ముందు ఒప్పుకోవాలి.

నల్లరేగడి:
ఒప్పుకోను. హోదా అస్పృశ్యత వల్ల వచ్చింది, అది హిందూ సమాజంలోది.

శారద_కె:
వాడ మారనిదే అస్పృశ్యత ఎలా మారుతుంది? మీరు ముందే ఎత్తుకున్న ఆ 1966 తీర్పు ఏ కేసులో వచ్చిందో కూడా చెప్పండి. అహ్మదాబాద్ స్వామినారాయణ సత్సంగులు, అంటే ఆ సంప్రదాయం అనుసరించేవాళ్ళు, మేం హిందువులం కాదన్నారు. ఎందుకంటే హరిజనులను గుళ్ళోకి రానివ్వాలన్న బొంబాయి చట్టం తమకు వర్తించకుండా ఉండటానికి. కాదు, మీరూ హిందువులే, తలుపులు తియ్యాల్సిందేనని కోర్టు అంది. ఆ పేజీలు రాసింది గుడి తలుపులు తెరవడానికి.

నల్లరేగడి:
ఆ కేసు వివరం నాకు తెలుసు. తలుపు తెరవడం సరైనదే, అందులో నాకు భేదం లేదు. మిగతా దాంట్లో ఉంది.

ఏటిగట్టు:
అందరికీ నమస్కారం. హోమం లేని పెళ్ళికి ఏ కాగితాలు దాచుకోవాలి, అది చెప్పండి చాలు.

పాతదస్తావేజు:
తాళి కడుతున్న ఫోటో, తలంబ్రాల ఫోటో, పెళ్ళిపత్రిక దాచుకోండి. తంతు జరిపించిన పెద్ద ఎవరో, ఏ ఊరో రాసిపెట్టుకోండి. అదే కులంలో అదే పద్ధతిన అంతకుముందు జరిగిన పెళ్ళిళ్ళకు సాక్షులను గుర్తుపెట్టుకోండి. ఆచారాన్ని నిరూపించేది వాళ్ళే. రిజిస్ట్రేషన్ తప్పక చేయించండి, కానీ అది తంతుకు బదులు కాదు. జరిగిందనడానికి రుజువు, అంతే.

శారద_కె:
ఆ సాక్షుల్లో ఆడవాళ్ళ పేర్లు కూడా రాయించండి.