‘బండెనక బండి కట్టి’ డీజే రీమిక్స్: పాటకు మేలా, కీడా?

జనగామ_పిల్లగాడు:
నైజాం పాలన పోయిన సెప్టెంబర్ 17 ఊరేగింపులో మా ఊళ్లో ఈ తెలంగాణ సాయుధ పోరాట పాట రీమిక్స్ పెట్టారు. పల్లవి, ‘నైజాము సర్కరోడా’, ఈ రెండే తిప్పి తిప్పి వేశారు. వడిసెల రాళ్లు, కారప్పొడి ఉన్న చరణం లేదు, సూర్యాపేట, నల్లగొండ పేర్లున్న చరణమూ లేదు. ఇలా కోయడం తప్పంటే నామీదకే వచ్చారు. మీరేమంటారు?

బేస్_బాక్స్:
తప్పేముంది అన్నా? గద్దర్ రాసిన పాటకు ఇప్పటి పిల్లలు ఎగురుతున్నారంటే అది బతికున్నట్టే కదా.

పాతపాటలు:
గద్దర్ రాయలేదు. బండి యాదగిరి కట్టిన పాట. ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడారు.

బేస్_బాక్స్:
ఎవరు కడితే ఏంటండీ, జనం చెవిలో ఉన్నది గద్దర్ గొంతే. ఆయన మళ్లీ పాడితే విప్లవం, మేం బీటు కలిపితే పాపమా? తెలంగాణ ఉద్యమ పాటల సభల్లో, ఆ ధూంధాంలలో, పాత బాణీలకు కొత్త మాటలు కట్టలేదా?

పాతపాటలు:
కట్టినవాడి పేరే అక్కర్లేనివాళ్లకు పాట ఎందుకు పుట్టిందో ఏం పడుతుంది? ముందు పేరు సరిచేయండి.

సూర్యాపేట_77:
అడిగింది అది కాదు కదా.

నల్లగొండ_భాయ్:
మా గల్లీ ముందు డీజే బండి ఆపి, సౌండ్ పెంచి, ‘నైజాము’ అన్నప్పుడల్లా మా ఇళ్ల వైపు వేళ్లు చూపించారు. ఈ పాట నాకు నేర్పింది మా తాత, ఆయన దొరలను ఎదిరించిన ఆంధ్ర మహాసభలో, అదే సంఘంలో, పనిచేశాడు. భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో కొట్లాడి 1940లో ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీది ఏ మతం?

బేస్_బాక్స్:
మతం మాట నేను తేలేదు భాయ్. కానీ నైజాం వైపున్న రజాకార్లు చేసినవి అబద్ధమా? మా అమ్మమ్మ వాళ్ల ఇల్లు తగలబెట్టారు. పోయేదాకా రాత్రి కుక్క మొరిగినా లేచి తలుపు గడియ చూసుకునేది. ఆ కోపంతో మేం పాడకూడదా?

జనగామ_పిల్లగాడు:
అబద్ధమని ఎవరన్నారు? 1946 జులై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమురయ్యను కాల్చింది మాత్రం ఆ విసునూరు దొర గూండాలు. 1948లో నైజాం పాలన పోయినా పోరాటం 1951 దాకా ఎందుకు సాగింది? పారిపోయిన దొరలు తిరిగొచ్చారు కాబట్టి.

బేస్_బాక్స్:
పల్లవిలో దొర ఎక్కడున్నాడు? అక్కడ ఉన్నది నైజామే కదా.

జనగామ_పిల్లగాడు:
పల్లవిలో లేడు, పాడినవాళ్ల ఎదురుగా ఉన్నాడు! చెప్పొద్దనుకున్నా, ఇక చెప్తున్నా. మా తాత మా ఊరి దొర కోటలో, ఆ గడీలో, వెట్టి చేశాడు. మొన్న డీజేకు డబ్బులిచ్చి, ముందు నిలబడి ఎగిరింది ఆ గడీ మనవడే. మా నాయన అది చూడలేక ఇంట్లోకి వెళ్లిపోయాడు. తప్పంతా, పాటలో నైజాముకు గోరీ కడతామన్న ఆ గోల్కొండ కింద పూడ్చేసి వాళ్లు చేతులు కడుక్కుంటుంటే ఆ పాటకు నేనెలా ఎగరను?

బేస్_బాక్స్:
అది మీ ఊరి గొడవ, రీమిక్స్ ఏం చేసింది?

నల్లగొండ_భాయ్:
మా గల్లీది కూడా ఊరి గొడవేనా?

పాతపాటలు:
పైన గద్దర్ రాసిన పాట అనే ఉంది, ఇంకా సరిచేయలేదు.

బేస్_బాక్స్:
సరే, బండి యాదగిరి పాట. మరి మా అమ్మమ్మ సంగతికి మీలో ఒక్కరైనా జవాబిచ్చారా?