ఏడు లక్షలున్నాయి: ముందు ఇంటింటి ఆరోగ్య సర్వేనా, నేరుగా నీళ్ల ప్లాంటా?

పొదిలి పిల్లోడు (చర్చ మొదలుపెట్టింది)

అందరికీ నమస్కారం. మాది పొదిలికీ కనిగిరికీ మధ్య ఊరు. బయట ఉద్యోగాలు చేసుకుంటున్న మేం కొంతమందిమి కలిసి ఊరి ఆరోగ్యం కోసం ఏడు లక్షలు పోగు చేశాం. ఊరూ కాలనీ కలిపి నాలుగు వందల గడప. ఎక్కువమంది రెక్కాడితే గానీ డొక్కాడనివాళ్లే. సీజన్లో పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, కంది చేలు, అవి లేనప్పుడు ఉపాధి హామీ పని. మాలో సగంమంది ఆర్వో ప్లాంటు పెట్టేద్దామంటున్నారు. మిగతావాళ్లు ముందు ఇంటింటికీ తిరిగి ఎవరికి ఏ బాధ ఉంది, రోజు ఎలా గడుస్తోంది అని అడిగి, ఆ తర్వాతే ఖర్చు పెడదామంటున్నారు. సర్వేకి యాభై వేల దాకా అవుతుంది. మీ మాట చెప్పండి.

మర్రిచెట్టు నీడ

ఇంకా అడగడానికి ఏం మిగిలింది నాయనా? మన నీళ్ల సంగతి 1937లోనే బయటపడింది. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడయ్యే ఫ్లోరోసిస్ జబ్బును దేశంలో మొట్టమొదట గుర్తించింది ఆ జిల్లాలోనే. ఆ మూడూ తర్వాత చేరిన ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అంటే జిల్లా పుట్టకముందే మన జబ్బు కాగితాలకెక్కింది. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని చిన్నపిల్లాడికి కూడా తెలుసు.

ముప్పై నాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పాను. గ్రూపు ఫోటో తీసే రోజున పిల్లలు నోరు మూసుకుని నిలబడేవాళ్లు. నవ్వమంటే చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు. అన్నీ గారపళ్లే. ఆ ఫోటోలు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. యాభై వేలు కాగితాల పాలు చేయకండి.

కావలి ప్యాసింజర్

మాస్టారి మాటే నా మాట. నీళ్లు ముందు.

గుండ్లకమ్మ

వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు వస్తే ఏ ప్లాంటూ అక్కర్లేదు.

కావలి ప్యాసింజర్

వెలిగొండకి శంకుస్థాపన 1996లో జరిగింది అన్నా. ఆ ఏడాది పుట్టినోళ్లకి ఇప్పుడు పిల్లలున్నారు. అప్పటిదాకా ఆ పిల్లలు ఏం తాగాలి?

రిటైర్డ్ ఏఎన్ఎం

మాస్టారూ, ఫ్లోరైడ్ ఉందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అది ఏ ఇంట్లో ఎంత లోపలికి పోతోందో తెలుసా? నేను తిరిగిన ఊళ్లలో తాగడానికి క్యాను నీళ్లు, వంటకి బోరు నీళ్లు. అన్నం, పప్పు, టీ అన్నీ బోరు నీళ్లతోనే. మరగబెడితే పోతుందని ఎంతమంది నాతో అన్నారో. ఫ్లోరైడ్ ఆవిరైపోదు. నీళ్లు తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఈ సంగతి అడిగి తెలుసుకోకుండా ప్లాంటు పెడితే క్యాను ఒక మూల ఉంటుంది, అన్నం బోరు నీళ్లలోనే ఉడుకుతుంది.

ఇంకో మాట. ఎముకలకి ఎక్కిందా లేదా అని చూడటానికి గడ్డం గుండెకి ఆనించమంటాం, మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లు అందుకోమంటాం, రెండు చేతులూ తల వెనక్కి పెట్టమంటాం. ఒక్క నిమిషం పని. ఒకావిడ చేతులు చెవుల దాకా వచ్చి ఆగిపోయాయి. అప్పుడు చెప్పింది, మూడేళ్లుగా కోడలే జడ వేస్తోందట. కోడలు పుట్టింటికి వెళ్తే ముడి విప్పకుండా అలాగే ఉంచుకుంటుందట. నా రిజిస్టర్లో ఆమె పేరు పక్కన ‘నడుము నొప్పి’ అనే ఉంది. దాన్ని రాసింది నేనే.

అందుకే జీవన నాణ్యత గురించి అడగాలంటున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన చిన్న ఫారం ఒకటుంది, 26 ప్రశ్నలు. ఒళ్లు, మనసు, అయినవాళ్లతో సంబంధాలు, చుట్టూ ఉన్న పరిస్థితులు. గత రెండు వారాల్లో ఎలా ఉందో అడుగుతారు.

మర్రిచెట్టు నీడ

26 ప్రశ్నలా! పొద్దున ఆరింటికి ఆటో ఎక్కే మనిషిని నిలబెట్టి, ‘అమ్మా, నీ జీవితాన్ని ఎంత ఆనందంగా గడుపుతున్నావు’ అని అడుగుతారా? ఆమె ఏం చెప్పాలి? నాలుగు వందల ఇళ్లకి 26 చొప్పున పదివేల పైచిలుకు జవాబులు. ఎవరు చదువుతారు వాటిని?

రిటైర్డ్ ఏఎన్ఎం

నేను అడిగితే పావుగంట పట్టదు.

గుండ్లకమ్మ

పది ప్రశ్నలు చాలు.

మర్రిచెట్టు నీడ

పది కూడా ఎక్కువే. ‘నీళ్లు కావాలా?’ ఒక్కటి అడగండి.

చీమకుర్తి బ్రిడ్జి

నీళ్లు కావాలా అంటే వద్దనేవాళ్లు ఎవరుంటారు మాస్టారూ? మా దగ్గర గ్రానైట్ పనిలో ఉన్నవాళ్లకి దుమ్ముతోనే చావు. మార్కాపురంలో పలకల పని చేసేవాళ్లకీ ఊపిరితిత్తులే పోతాయి. నాలుగు వందల ఇళ్లలో ఎవరెవరు ఏ పనికి పోతున్నారో తెలియకుండా అందరిదీ ఒకే జబ్బు అనుకోవడం తప్పు.

పెన్నా ఒడ్డు

మా నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి గుర్తు చేస్తాను. 1992లో ఆ ఊరి ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి వచ్చారు. ఆ ఊరికి ఏం కావాలని బయటివాళ్లని అడిగి ఉంటే ఇంకో బడి అనేవాళ్లు. వాళ్లు మాత్రం సారా కొట్టు మూయాలన్నారు. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం. ఇంటి బాధ ఏమిటో ఇంట్లో ఉన్న మనిషికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మర్రిచెట్టు నీడ

అక్కడ ఎవరూ ఫారాలు పంచలేదు. ఆడవాళ్లు తామే లేచారు. మీరు చెప్పింది నా మాటకే బలం.

పెన్నా ఒడ్డు

కాదండీ, వాళ్ల నోటితో చెప్పారు, అదే నేననేది.

రిటైర్డ్ ఏఎన్ఎం

మాస్టారూ, మీరు నా మాట సగమే చదువుతున్నారు. ప్లాంటు వద్దని నేను ఎక్కడా అనలేదు.

మర్రిచెట్టు నీడ

ఆలస్యం చేయడమంటే వద్దనడమే. నా సంగతి చెప్తాను వినండి. నా భార్య పన్నెండేళ్లు మోకాళ్ల నొప్పులకి బిళ్లలు మింగింది. చివరికి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు ఒంగోలు. డయాలసిస్‌కి అప్పుడు ఆరోగ్యశ్రీ ఉండేది, కారు కిరాయికి ఎవరూ లేరు. తిరిగొచ్చేటప్పుడు దారిలో రెండుసార్లు కారు ఆపించి వాంతి చేసుకునేది. పదేళ్ల ముందు ఊళ్లో మంచినీళ్లు ఉండి ఉంటే ఆ నొప్పులు వచ్చేవా? ఈ ఏడు లక్షల్లో లక్షన్నర నాది. ఆ ప్లాంటు గోడ మీద ఆమె పేరు చూసుకోవాలని ఉంది. నాకు డెబ్భై మూడేళ్లు. మీ సర్వే అయ్యేదాకా నేను ఉండొద్దా?

రిటైర్డ్ ఏఎన్ఎం

మీ బాధ నాకు తెలుసు మాస్టారూ. చెప్పక తప్పదు కాబట్టి చెప్తున్నాను. నొప్పుల బిళ్లలు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. పన్నెండేళ్లలో ‘అమ్మా, రోజూ ఏం మింగుతున్నావు’ అని ఆమెని ఒక్కరైనా అడిగారా? ఇవాళ కూడా ఆ బిళ్లలు మింగుతున్నవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. ప్లాంటు వాళ్లని ఆపదు.

మర్రిచెట్టు నీడ

మా ఇంటి సంగతి మీరు చెప్పక్కర్లేదు. నేను అడగలేదంటారా?

పొదిలి పిల్లోడు

దయచేసి ఇద్దరూ కాస్త ఆగండి.

కొత్తకాలనీ

నేను మా కాలనీవాడిని. ఇన్ని పోస్టులయ్యాయి, ప్లాంటు ఎక్కడ పెడతారో ఒక్కరూ అనలేదు. సర్వే ఎవరు చేస్తారో కూడా అనలేదు.

మన ఊళ్లో ఇంతకుముందు ఒక ప్లాంటు ఉండేది. గుడి పక్కన. రెండు రూపాయలకి ఇరవై లీటర్లు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా తెరిచేవాళ్లు. మా అమ్మ ఆరింటికే పనికి పోతుంది. పని లేని రోజు వెళ్తే, ఊళ్లోవాళ్ల క్యాన్లు అయ్యేదాకా పక్కన నిలబడమనేవాళ్లు. ఎవరూ గట్టిగా అనరు, చేత్తో చూపిస్తారంతే. ఒకరోజు నిలబడి నిలబడి, తొమ్మిదయిందని షట్టర్ దించేస్తే ఖాళీ క్యానుతో వచ్చింది. మళ్లీ వెళ్లలేదు. ఆటోలో వచ్చే క్యాను కొన్నన్నాళ్లు కొన్నాం, డబ్బుల్లేనప్పుడు బోరు నీళ్లే. తర్వాత మోటారు కాలిపోయి ఆ ప్లాంటు మూతపడింది. అది మూతపడిన సంగతి మాకు నెల తర్వాత తెలిసింది.

సర్వే సంగతీ అంతే. ఒకసారి వచ్చారు, రచ్చబండ మీద కూర్చుని మా పేర్లు ఎవరో చెప్తే రాసుకుని పోయారు. మా వీధిలోకి రాలేదు.

మర్రిచెట్టు నీడ

మన ఊళ్లో అలాంటిది లేదు. నేను ఎవరినీ నిలబడమనలేదు.

కొత్తకాలనీ

మీరన్నారని నేను అనలేదు సార్. ఆరు నుంచి పది దాకా మీ దగ్గరే చదువుకున్నాను. ఆ గ్రూపు ఫోటోల్లో ఒకదాంట్లో నేనూ ఉంటాను. అమ్మగారికి బాగాలేనప్పుడు మా నాన్న రెండుసార్లు ఆటోలో పొదిలి దాకా తీసుకెళ్లాడు. నేనడిగేది ఒకటే. ప్లాంటు కాలనీలో పెడతారా?

గుండ్లకమ్మ

రెండింటికీ మధ్యలో పెట్టొచ్చుగా, బడి దగ్గర.

కావలి ప్యాసింజర్

నేను మొదట నీళ్లు ముందు అన్నాను. ఎవరికి ముందు అని అడగలేదు. తప్పు నాదే.

రిటైర్డ్ ఏఎన్ఎం

బాబూ, నీ ప్రశ్నలు నా 26లో లేవు. నీళ్లు ఎవరు మోస్తారు, ఎంతసేపు నిలబడతారు, వెనక్కి పంపినరోజు ఉందా. అవే మొదట రాద్దాం. ఫారం పట్టుకుని తిరిగేవాళ్లలో కాలనీ ఆడపిల్లలు ఇద్దరైనా ఉండాలి. చదువుకున్నవాళ్లు ఉంటే పేర్లు ఇక్కడ పెట్టకు, నాకు విడిగా పంపు.

మర్రిచెట్టు నీడ

నిన్న రాత్రి రాసి చెరిపేశాను, మళ్లీ రాస్తున్నాను. కాలనీలో పెడితే ఊళ్లోవాళ్లు అక్కడికొచ్చి నీళ్లు పట్టుకుంటారా? ఈ మాట నేను అడగకూడదని తెలుసు. కానీ పట్టుకోకపోతే ప్లాంటు నడవదు. నేనైతే వస్తాను.

పొదిలి పిల్లోడు

ఈ ప్రశ్న కూడా ఫారంలో పెడతాను మాస్టారూ, ఊరివైపు ఇళ్లకి. వచ్చే వారం మేం నలుగురం దిగుతున్నాం. కాలనీతోనే మొదలుపెడదాం. ఏ రోజు రమ్మంటారు?

కొత్తకాలనీ

ఆదివారం రండన్నా, పదింటి తర్వాత. బ్యారన్ పని ఉంటే శనివారం రాత్రి ఆకు కట్టి వచ్చేసరికి పదకొండవుతుంది, పొద్దున కాసేపు పడుకోనివ్వాలి.