ప్రైవేటు సైడింగ్ పట్టాల తనిఖీ ఎవరి చేతిలో ఉండాలి?

కంకరదుమ్ము:
సిమెంటు ఫ్యాక్టరీలు, పవర్ ప్లాంట్లు, పోర్టులు సొంతంగా వేసుకున్న పట్టాలను (ప్రైవేటు సైడింగ్) యజమాని పెట్టుకున్న కాంట్రాక్టరే తనిఖీ చేస్తే చాలా? బయటి స్వతంత్ర సంస్థ ఉండాలా? 2025 ఏప్రిల్ 1న జార్ఖండ్ సాహిబ్‌గంజ్ జిల్లాలో రెండు గూడ్సులు ఢీకొని ఇద్దరు లోకో పైలట్లు చనిపోయారు. అది ఎన్టీపీసీ లైను, మాది కాదని రైల్వే చెప్పేసింది. మన రామగుండం ప్లాంటుకూ బొగ్గు అలాంటి సొంత లైను మీదే వస్తుంది. నా ఓటు స్వతంత్ర తనిఖీకే.

రిటైర్డ్_పీవే:
తమ్ముడూ, అది బండ్లు ఢీకొన్న ప్రమాదం, పట్టా విరిగి జరిగింది కాదు. దాన్ని ఇక్కడ ముడిపెట్టకు. సైడింగ్ అంటే రైల్వేతో అగ్రిమెంటు ఉంటుంది, మా రైల్వే ఇంజనీర్లు వచ్చి చూస్తారు. బాగోలేకపోతే రేకు (వ్యాగన్ల వరస మొత్తం) లోపలికి పంపరు. పైగా బండి మెల్లగా పాకుతుంది. పట్టా తప్పితే చక్రం కంకరలో దిగుతుంది, అంతే.

కంకరదుమ్ము:
ఉదాహరణ సరిగ్గా అతకలేదు, సరే. కానీ "అంతే" అనకండి సార్. నిండు బాక్స్‌ఎన్ వ్యాగన్ (పైన తెరిచి ఉండే గూడ్సు పెట్టె) ఒక్కో ఇరుసు మీద సుమారు 22.9 టన్నులు. వేగం తగ్గినా బరువు తగ్గదు కదా. పక్కనే వ్యాగన్లను అటూ ఇటూ జరిపించే షంటింగ్ మనిషి నడుస్తుంటాడు. మెయిన్ లైనుకు రోజూ నడిచి పట్టా చూసే కీమ్యాన్ ఉన్నాడు, ఇక్కడ ఎవరున్నారు? బొగ్గు పొడి, క్లింకర్ (సిమెంటు తయారీలో వచ్చే గడ్డలు) దుమ్ము కంకరలో నిండిపోతే వాన నీరు దిగదు, స్లీపర్ల (పట్టాల కింది అడ్డదిమ్మెల) కింద బురద పొంగుతుంది. ఆ పొడి కిందే పట్టాను బిగించే క్లిప్పులు వదులై ఉంటాయి, పైనుంచి కనపడవు. గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) కొద్దికొద్దిగా వెడల్పై చివరికి చక్రం పట్టాల మధ్యకు జారుతుంది. నేను పనిచేసిన ఒక ప్లాంటులో ఇదే రాసిస్తే, "రేకు వెళ్ళాక చూద్దాం" అన్నారు. జీతమిచ్చేవాడే ఆ మాటంటే సూపర్‌వైజర్ ఏం చేస్తాడు? కమిషనర్ ఆఫ్ రైల్వే సేఫ్టీ దగ్గరికి పోదామంటే, చట్టంలో లైను తెరవడానికి ముందస్తు అనుమతి ప్రయాణికుల బండ్లకే.

ఒహాయో_పట్టా:
అమెరికాలో ఉన్నదేదో చాలా గట్టి రూలు అనుకోకండి. ఫెడరల్ ట్రాక్ ప్రమాణాల్లో బాధ్యత నేరుగా పట్టా యజమానిదే. లోపం తెలిస్తే సరిచేయాలి, లేదా బండ్లు ఆపాలి, లేదా అర్హుడైన మనిషి పర్యవేక్షణలో గరిష్ఠంగా 30 రోజులు నడపాలి. మెయిన్ లైను, సైడింగ్ (అక్కడ దీనికి అర్థం బండ్లు ఒకదాన్నొకటి దాటుకునే పక్క పట్టా) కాని పట్టాలకు నెలకోసారి తనిఖీ, రెండింటి మధ్య కనీసం 20 రోజుల ఎడం, రిపోర్టు మీద అదే రోజు సంతకం. బాగుందా? కానీ సాధారణ రైలు వ్యవస్థలో భాగం కాని ప్లాంటు లోపలి పట్టాలకు ఇవేవీ వర్తించవు. "ఎక్సెప్టెడ్" (చాలా ప్రమాణాల నుంచి మినహాయింపు) అని యజమాని రాసుకున్న పట్టాలైతే ఇంకా విచిత్రం. 1435 మి.మీ. గేజ్ దాదాపు 1480 దాకా పోనిస్తారు. వేగం గంటకు 16 కిలోమీటర్లు దాటకూడదు, ప్రయాణికులు ఉండకూడదు.

రిటైర్డ్_పీవే:
చూశావా? వాళ్ళూ యజమాని మీదే వదిలారు.

ఒహాయో_పట్టా:
వదిలారు గానీ, ఆ రూల్స్ వర్తించే చోట పట్టా చూసే మనిషికి అర్హత ఉందని యజమాని కాగితం మీద చూపించాలి గురువుగారూ. ఫెడరల్ ఇన్‌స్పెక్టర్ ఎప్పుడైనా వచ్చి ఆ రికార్డు అడగొచ్చు, జరిమానా వేయొచ్చు.

లెక్కలపద్దు:
నేను ప్లాంటు అకౌంట్స్ వైపు. బయటి ఏజెన్సీకి ఫీజు ఇవ్వడం మాకు పెద్ద భారం కాదు. ఒక్క వ్యాగన్ పట్టా తప్పితే క్రేను ఖర్చు, రైల్వేకు కట్టే నష్టం, లోడింగ్ ఆగిపోవడం అంతకంటే ఎక్కువ. అసలు టెన్షన్ వేరు. తనిఖీ చేసేవాడికి లైను మూసే అధికారం రాసిస్తే, వాడు మూసిన గంటల్లో నిలబడ్డ రేకుకు డెమరేజ్ (వ్యాగన్లు ఆలస్యంగా వదిలితే రైల్వే వేసే రుసుము) ఎవరు కడతారు?

కంకరదుమ్ము:
ఆ గంటలకు రైల్వే డెమరేజ్ మాఫీ చేయాలి. అది అగ్రిమెంటులో లేనంతకాలం లైను మూసే ధైర్యం ఏ ఏజెన్సీకీ రాదు.

రిటైర్డ్_పీవే:
మాఫీనా? అది రాస్తే ప్రతి ప్లాంటూ లోడింగ్ ఆలస్యమైనప్పుడల్లా పట్టా బాగోలేదంటుంది.