సమస్యాపూరణం: "మంచివాని జూచి మనసు వణకె"

నిర్వాహకుడు:
ఈసారి సమస్య ఆటవెలది (నాలుగు పాదాల తెలుగు పద్యం) నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి.

మంచివాని జూచి మనసు వణకె

షరతు ఒకటే. సస్పెన్స్ కథలో ప్రతినాయకుడు మొదటిసారి ఎదురయ్యే ఘట్టం పద్యంలో రావాలి. కథంతా చెప్పక్కర్లేదు, వాడంటే భయం పుడితే చాలు. కొత్తవాళ్ల కోసం: గణమంటే గురువులు (పొడవుగా పలికే అక్షరాలు), లఘువులు (పొట్టిగా పలికేవి) కలిసిన చిన్న గుంపు, వాటిలో సూర్య, ఇంద్ర అని రకాలు. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే అది పాదం మొదటి అక్షరంతో ధ్వనిలో కలవాలి. ప్రాస (పాదాల రెండో అక్షరాలు కలవడం) నియమం లేదు.

కొత్తకలం:
కన్నులెర్ర జేసి కరవాలమును బట్టి
మీసములను దువ్వి మీద మీద
కురుకు దుష్టు జంపి కొలువు దీర్చిన యట్టి
మంచివాని జూచి మనసు వణకె

కళ్లు, కత్తి, మీసం అన్నీ పెట్టానండీ. భయంగా ఉందా?

గురులఘువు:
గణాలు సరిపోయాయి, "కురుకు–కొలువు" యతి కూడా చక్కగా కుదిరింది. భయం మాత్రం లేదు. మనం భయపడేలోపే దుష్టుడు మూడో పాదంలో చచ్చిపోయాడు! ఇక కొలువు తీర్చిన మంచివాణ్ణి చూసి వణికింది ఎవరి మనసు? చచ్చినవాడి అనుచరులది అని మనమే లాక్కొచ్చుకోవాలి. "యట్టి" పాదం నింపడానికే వచ్చింది. ఇంకో మాట, కత్తి పట్టుకుని మీదికి ఉరికేవాడు ఏం చేస్తాడో పాఠకుడికి ముందే తెలిసిపోతుంది, కాబట్టి తప్పించుకోవడం గురించి తప్ప వాడి గురించి ఆలోచించడు. ఏం చేస్తాడో తెలియనివాడితోనే టెన్షన్.

రాత్రిపిట్ట:
తాళమున్న తలుపు తానుగా తెరచుక
వచ్చి కుర్చిలోన వాలి, నవ్వి
పాప పేరు పిలిచి పలుకరించెడు వట్టి
మంచివాని జూచి మనసు వణకె

గురులఘువు:
ఇది కథ. తాళం పగలగొట్టాడని కాదు, తెరిచాడని రాశారు, అంటే వాడి దగ్గర తాళంచెవి ఉంది, ఎప్పుడు ఎలా సంపాదించాడో మనకి తెలియదు, పైగా పాప పేరు కూడా తెలుసు. వాడి రూపం గురించి ఒక్క ముక్క లేదు, తిట్టు లేదు, బెదిరింపు లేదు. "వట్టి" అన్న వెటకారం ఎవరిదో, పాప తల్లిదా కవిదా, తేలలేదు. నాకు తల్లిదే అనిపించింది.

నిర్వాహకుడు:
మంచివాడి వేషంలో వచ్చే ప్రతినాయకుడు మనకి కొత్తేం కాదు. అరణ్యకాండలో రావణుడు సన్న్యాసిగా వస్తాడు, సీత అతిథి మర్యాదలు కూడా చేస్తుంది. అయితే అతణ్ణి చూడగానే చెట్లు కదలడం మానేశాయి, గాలి ఆగింది, గోదావరి భయంతో నెమ్మదించింది అంటాడు వాల్మీకి. సీతకి తెలియనిది నదికి తెలుసు, మనకి తెలుసు. ఆ తేడాలోంచే ఉత్కంఠ వస్తుంది. రాత్రిపిట్ట గారి పద్యంలో ఆ రెండో చూపు ఎవరిదో ఉండుంటే ఇంకా బాగుండేది.

మధ్యలో ఇంకో పూరణ వచ్చింది, మొదటి పాదం "రాత్రి వేళ వచ్చి భయము గొలుపునట్టి". రా–భ యతి కుదరదు, గణాలు సరే. "రాత్రి వేళ వచ్చి రక్కసుడై నిల్చు" అంటే యతి నిలుస్తుంది గానీ రక్కసుడని మీరే చెప్పేస్తే పాఠకుడికి పనేం మిగిలింది? మళ్లీ రాయండి.

నిశిగంధ:
వెదకు వారితోడ వేదన బొందుచు
కంట నీరు పెట్టి కదలు వేళ
బావి మట్టి యతని పాదరక్షల నుండ
మంచివాని జూచి మనసు వణకె

రాత్రిపిట్ట:
అబ్బ! తప్పిపోయినవాళ్ల కోసం వెతికే గుంపులోనే హంతకుడు, పైగా ఏడుస్తున్నాడు. చెప్పుల మట్టి ఒక్కటే వాణ్ణి పట్టిస్తోంది.

గురులఘువు:
మూడో పాదం అద్భుతం, బా–పా యతి కూడా సాఫీగా పోయింది. కానీ బావి దగ్గరికి ఇంకా ఎవరూ వెళ్లలేదని ఎక్కడుంది? వెతుకుతూ అందరూ బావి చుట్టూ తిరిగి ఉంటే అందరి చెప్పులకీ మట్టే కదా. రెండో పాదంలో "కదలు వేళ" ఊరికే ఉంది, ఆ చోటు వాడుకోండి.

నిశిగంధ:
నిజమేనండీ. ఇలా మార్చాను:

వెదకు వారితోడ వేదన బొందెను,
చూడలేదు బావి చుట్టు నెవరు,
బావి మట్టి యతని పాదరక్షల నుండ
మంచివాని జూచి మనసు వణకె

గురులఘువు:
ఇప్పుడు లెక్క సరిపోయింది. "బావి" రెండుసార్లు రావడం కూడా కావాలనే పెట్టినట్టుంది.

రాత్రిపిట్ట:
నేను ఒప్పుకోను. వాడి కన్నీరు పోయింది, ఆ కన్నీరే కదా భయంకరం! "వేదన బొందెను" అంటే నిజంగానే బాధపడ్డాడేమో అనిపిస్తుంది. సాక్ష్యం బలపడింది, మనిషి పలచబడ్డాడు.

కొత్తకలం:
అసలు ఎందుకు చంపాడండీ?

నిశిగంధ:
పద్యంలో చెప్పను. కథలో అయితే చివరి పేజీలో, అదీ సగమే చెబుతాను. కారణం తెలిసిపోయాక వాడు మామూలు నేరస్తుడైపోతాడు.

నిర్వాహకుడు:
నా ఓటు నిశిగంధ గారి మొదటి రూపానికే, బావి సందేహం ఉన్నా సరే. వచ్చే సమస్య కూడా ఆటవెలదే: "వెలుగు లేని చోట వెఱపు లేదు". ఈసారి హత్య లేకుండా పూరించండి, కొత్తకలం గారు మీసాలు లేకుండా.