రంగం ఎందుకలా అయిపోయింది? వానా, నదా, తెల్లోడా?

నాగావళి గట్టు
మొన్న పెళ్ళి భోజనాల దగ్గర మా పెదనాన్న ఒక మాటన్నారు. బర్మాలో ఐరావతి డెల్టా లాంటి నేల మనకుంటే శ్రీకాకుళం నుంచి ఒక్క గుంటడు కూడా వలస పోయేవాడు కాదట. 1930ల్లో ఏటా దాదాపు 30 లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేసి ప్రపంచంలోనే ముందున్న బర్మా (ఇప్పటి మయన్మార్) ఇవాళ ఇలా వెనకబడి ఎందుకుంది? తప్పు ఆ నేలదా, వానలదా, బ్రిటిష్ వాళ్ళదా?

అట్లాసు మాస్టారు
ముందు మ్యాపు చూడండి బాబూ. నైరుతి గాలులు నేరుగా వెళ్ళి అరకాన్ కొండలకి కొట్టుకుంటాయి. కొండకి ఇవతల తీరంలో ఏడాదికి 4,000 మిల్లీమీటర్లు దాటి వాన, అవతల మాండలే వైపు వెయ్యి కూడా ఉండదు. అందుకే రాజులు ఆ మెట్ట నేలలో చెరువులు, కాలవలు కట్టుకుని అక్కడే ఉన్నారు. కింద డెల్టా అంతా అడవి, బురద, మలేరియా. తెల్లోళ్ళు రాకముందే అవి రెండు వేరు దేశాల్లా ఉండేవి.

కళింగపట్నం
రంగం అంటే రంగూన్ ఒక్కటే. బర్మా మొత్తం కాదు. టైటిల్ మార్చండి.

బర్మా కాలనీ
మాస్టారూ, ఆ బురదని బంగారం చేసింది ఎవరు? 1852లో కింది బర్మా బ్రిటిష్ చేతికొచ్చింది, 1869లో సూయజ్ కాలవ తెరిచారు, యూరప్‌కి బియ్యం కావాలి. అడవి కొట్టి సాగులోకి తెచ్చింది మనోళ్ళే. దానికి మాకు దక్కిందేమిటి? 1964లో మా తాత కొట్టు జాతీయం చేసేశారు, అదే ఏడు 50, 100 చాట్ నోట్లు చెల్లవన్నారు, ఒక్క ట్రంకు పెట్టెతో ఓడ దిగారు. ఇక్కడ ఇచ్చిన స్థలం పట్టా కోసం మా నాన్న చెప్పులరిగేలా తిరిగారు. ఇప్పటికీ మా వీధిలో "బర్మావోళ్ళు" అనే పిలుస్తారు. విశ్వాసం లేని దేశం, అందుకే అలా అయింది.

వంశధార ఒడ్డు
అన్నా, అడవి కొట్టింది ఎక్కువగా బర్మా రైతులే, ఆ మెట్ట ప్రాంతం నుంచి కిందకి వలసొచ్చి. మనోళ్ళు వెళ్ళింది కోతలకి, రైసు మిల్లులకి, రంగూన్ రేవులో కళాసీలుగా. 1930 తర్వాత ధరలు పడిపోయి రైతులు అప్పు తీర్చలేకపోతే ఏమైందో చూడు. కింది బర్మా వరి భూముల్లో చెట్టియార్ల (అప్పులిచ్చే తమిళ వడ్డీ వ్యాపారుల) చేతిలో ఉన్నది ఏడేళ్ళలో 6 శాతం నుంచి 25 శాతం అయింది. ఆ రైతు మనల్ని చూసి ఏమనుకోవాలి?

బర్మా కాలనీ
అప్పులిచ్చింది చెట్టియార్లు. మనం కాదు.

వంశధార ఒడ్డు
వాడికి ఆ తేడా తెలుస్తుందా? 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి మించి భారతీయులే. శ్రీకాకుళంలో సగం మంది వేరే భాష మాట్లాడితే నువ్వూ నేనూ ఊరుకుంటామా? ఇంక మాస్టారూ, మీ కొండలూ గాలులూ సరే. పక్కనే థాయిలాండ్‌కి అదే రుతుపవనం, చావో ఫ్రయా డెల్టా, అదే వరి. దాన్ని ఎవరూ ఏలలేదు. ఇవాళ బియ్యం అమ్ముకుని బాగానే ఉంది కదా.

అట్లాసు మాస్టారు
ఏలకపోయినా 1855లో ఒప్పందం రాయించుకుని సుంకాలు తెల్లోళ్ళకి అనుకూలంగా పెట్టించుకున్నారు. అదలా ఉంచి, బర్మా మ్యాపు గుర్రపు నాడాలా ఉంటుంది, మూడు వైపులా కొండలు, మధ్యలో నది. మైదానాన్ని ఒక రకంగా, కొండల మీద షాన్, కచిన్ ప్రాంతాల్ని ఇంకో రకంగా పాలించారు. ఆ గీతల మీదే స్వాతంత్ర్యం వచ్చాక తుపాకులు లేచాయి. థాయిలాండ్‌కి అలాంటి నాడా ఉందా? ఎవరైనా చెప్పండి.

జీడితోట
తుఫాన్లని ఎవరూ ఎత్తలేదేం? 2008లో నర్గీస్‌కి డెల్టాలో లక్షకి పైగా పోయారు, మడ అడవులు నరికేసిన చోట ఉప్పెన సూటిగా లోపలికొచ్చింది. తిత్లీ చూసిన మనకి ఒకరు చెప్పాలా?

కళింగపట్నం
టైటిల్ ఇంకా మార్చలేదు.

బర్మా కాలనీ
వంశధార గారూ, మీకు బర్మా వాళ్ళ మీద అంత జాలెందుకు? 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కళాసీల్ని వెతికి వెతికి చంపారు. 1942లో జపాన్ వాళ్ళొస్తే లక్షల మంది కొండలెక్కి నడిచొచ్చారు, దారిలో ఎందరు పోయారో లెక్కే లేదు. మీ ఇంట్లో ఎవరూ పోలేదేమో.

వంశధార ఒడ్డు
పోయారు. మా ముత్తాత ఆ రేవులో కళాసీ. అప్పుడు కళాసీలు కూలి పెంచమని సమ్మె చేస్తే ఓడల వాళ్ళు బర్మా కూలీల్ని తెచ్చారు, సమ్మె తేలగానే వాళ్ళని పొమ్మన్నారు, గొడవ అక్కడ పుట్టింది. పెంచమని అడిగింది ఎందుకో తెలుసా? కూలీల్ని కుదిర్చే మేస్త్రీ ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చి, ఓడ టిక్కెట్టు కొని, అక్కడ జీతంలోంచి వాటా లాక్కునేవాడు. ఆయన పోయాక కూడా బాకీ ఉందని మేస్త్రీ మనిషి మా ముత్తవ్వ దగ్గరకొచ్చాడు. మీ తాతకి రంగూన్‌లో కొట్టుంది అన్నారు. దానికి ముందు మీ వాళ్ళు ఏం చేసేవారు?

బర్మా కాలనీ
మేస్త్రీలు. మా తాత తండ్రి. ఏం, తప్పా?

వంశధార ఒడ్డు
తప్పు అనలేదు. "మనోళ్ళు" అని అందర్నీ ఒక గాటన కట్టొద్దంటున్నా. మీరు డబ్బు పోగొట్టుకుని వచ్చారు, మా వాళ్ళు బాకీతో పోయారు.

నాగావళి గట్టు
ఇద్దరూ కాస్త తగ్గండి. నేనడిగింది బర్మా గురించి.

బర్మా కాలనీ
ఆ ట్రంకు పెట్టెలో అడ్వాన్సుల పద్దు పుస్తకం ఉంది. సగం చెద తినేసింది, పేర్లు, ఊళ్ళు కొన్ని కనబడతాయి. మీ ముత్తాత పేరూ, ఊరూ మెసేజ్ పెట్టండి. ఆదివారం తీసి చూస్తాను.

వంశధార ఒడ్డు
పెట్టాను. బాకీ ఎంతుందో కూడా చూడండి.

అట్లాసు మాస్టారు
అంతా బాగుంది గానీ, థాయిలాండ్ కొండల సంగతి నేనడిగితే ఇంతవరకూ ఒక్కరూ జవాబు చెప్పలేదు.