పింగళి వెంకయ్య గారి జెండాలో రాట్నం ఉండేది కదా, చక్రం ఎందుకొచ్చింది?

డ్రాయింగ్ టీచర్:
బడి గోడ మీద 1921 నాటి జెండా, ఇప్పటి జెండా పక్కపక్కన వేయిస్తున్నాం. పాతదాంట్లో రంగుల వరస ఏది? రాట్నం ఎందుకు తీసేశారు? 900 × 600 మిల్లీమీటర్ల జెండాకి చక్రం ఎంత ఉండాలి?

బందరు లడ్డూ:
1921 బెజవాడ ఏఐసీసీ (అఖిల భారత కాంగ్రెస్ కమిటీ) సమావేశాల్లో వెంకయ్య గారు ఇచ్చిన నమూనాలో హిందువులకి ఎరుపు, ముస్లింలకి ఆకుపచ్చ, రెండే రంగులు. రాట్నం పెట్టాలన్న ఆలోచన జలంధర్ లాలా హన్సరాజ్‌ది. మిగతా మతాలవాళ్ల కోసం తెలుపు చేర్చమన్నది గాంధీజీ. అలా పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, కింద ఎరుపు వచ్చాయి. రాట్నం మూడు పట్టీల మీదా పరుచుకుని ఉంటుంది, తెలుపులో ఇరికించకండి. రంగుకో మతం అన్న లెక్క మీద పేచీలొచ్చి, 1931లో ఎరుపు బదులు కాషాయం తెచ్చి పైన పెట్టారు, తెలుపు నడుమకి, ఆకుపచ్చ కిందకి వచ్చాయి. రంగులకి మతంతో సంబంధం లేదనీ తేల్చారు. ఆ జెండా కూడా వేయకపోతే కథ మధ్యలో తెగిపోతుంది.

పాత కాగితాలు:
తీసేశారనడం సగమే నిజం. చక్రం రాట్నానికే గుర్తని 1947 జూలై 22 నాటి తీర్మానంలోనే ఉంది. రాట్నానికి ఒక పక్క చక్రం, ఇంకో పక్క కదురు. జెండాని వెనక నుంచి చూస్తే తారుమారవుతుంది. రాజ్యాంగ సభలో నెహ్రూ చెప్పిన ఇబ్బంది ఇదే. అందుకే చక్రం ఒక్కటే ఉంచి, దానికి సారనాథ్ సింహాల కింది దిమ్మె మీది చక్రం రూపం ఇచ్చారు.

గజంబద్ద:
ఒక్కో పట్టీ వెడల్పు 200, చక్రం వ్యాసం 185 మిల్లీమీటర్లు. పైనా కిందా ఏడున్నర మిల్లీమీటర్ల తెలుపు మిగలాలి. చాలా గోడల మీద చక్రం రంగులకి తగిలిపోయి ఉంటుంది, చూడండి. కంపాస్‌ని 92.5 దగ్గర పెట్టి వలయం గీయండి. కంపాస్ కాళ్ల ఎడం మార్చకుండా అదే కొలతతో నిట్టనిలువు పై బిందువు నుంచి చుట్టూ కోసుకుంటూ పోతే ఆరు గుర్తులు. గుర్తుల మధ్య ఎడాన్ని రెండుసార్లు సగం చేస్తే 24 ఆకులు (చక్రంలోని పుల్లలు), ఆకుకీ ఆకుకీ 15 డిగ్రీలు. కోణమానినితో ఒక్కొక్కటే కొలుచుకుంటూ పోతే తేడాలన్నీ పోగై చివరి ఆకు ఇరుకైపోతుంది. రంగు నేవీ బ్లూ, లేత నీలం కాదు. స్థలం చాలక నిలువుగా వేస్తే కాషాయం చూసేవాళ్ల ఎడమ వైపుండాలి.