రెఫరెన్సుల ఫార్మాట్ తప్పని పేపర్ వాపస్ వచ్చింది, 64 రెఫరెన్సులు మళ్ళ చేతితోనే మార్చాల్నా?

మిరపతోట:
అందరికి నమస్తే. మాది హన్మకొండ, మిర్చిల తామర పురుగు మీద పీహెచ్‌డీ చేస్తున్న, నాలుగో ఏడు నడుస్తుంది. థీసిస్‌ల ఒక చాప్టర్‌ను పేపర్ చేసి జర్నల్‌కు పంపితే పదకొండు రోజులకు వాపస్ వచ్చింది, రివ్యూ దాక కూడ పోలే. రెఫరెన్సులు మా స్టైల్‌ల లేవు, సరిజేసి పంపుండ్రి అని రెండే లైన్లు. థీసిస్ అంతా ఏపీఏ అనే స్టైల్‌ల ఉన్నది, వాళ్ళకేమో వాంకూవర్ స్టైల్ కావాల్నట, అంటే టెక్స్ట్‌ల పేరు, సంవత్సరం తీసేసి వరుస నంబర్లు పెట్టాలె. రెండు రాత్రులు కూసోని చేతితోనే మార్చిన. అంతా అయినంక మా గైడ్ సార్ చూసి 11 తర్వాత ఇంకో పేపర్ కలుపమన్నరు. ఇగ చూడుండ్రి నా తిప్పలు, 12 నుంచి 64 దాక అన్ని ఒక్కొక్కటి జరగాలె గదా, ఫైండ్ రీప్లేస్‌ల 12ను 13 చేయమన్న, నంబర్‌తోని పాటు 2012ల అచ్చయిన పేపర్ 2013 అయింది, మందు కొట్టిన 12 రోజులకు అన్న లైన్ 13 రోజులకు అయింది. నా డేటానే మారిపోయింది! నైంనగర్‌ల డీటీపీ అన్న రెఫరెన్స్‌కు పది రూపాయలు ఇస్తే చేస్తా అంటున్నడు. ఇయ్యాల్నా, వేరే తొవ్వ ఏమన్న ఉన్నదా?

కాజీపేట జంక్షన్:
చెల్లె, ముందుగాల ఆ రీప్లేస్ కొట్టిన ఫైల్‌ను పక్కన పడెయ్, దాని మొఖం మళ్ళ చూడకు. పాత ఏపీఏ ఫైల్ ఉన్నది గదా, దాంతోనే మొదలువెట్టు. జోటెరో అని రెఫరెన్సులు సర్దే సాఫ్ట్‌వేర్ ఉంటది, అమెరికాల జార్జ్ మేసన్ యూనివర్సిటీ వాళ్ళు 2006ల తెచ్చిండ్రు, పైస ఖర్చు లేదు. దాంట్ల మంత్రదండం బొమ్మ ఉంటది, అది నొక్కి పేపర్ డీఓఐ, అంటే ఆ పేపర్‌కు ఇచ్చిన ఆన్‌లైన్ గుర్తింపు నంబర్, పేస్ట్ చేస్తే పేర్లు, సంవత్సరం, పేజీలు అన్ని అదే గుంజుకుంటది. వర్డ్‌ల జోటెరో ట్యాబ్ వస్తది, టెక్స్ట్‌ల ఎక్కడ కావాల్నో అక్కడ కర్సర్ పెట్టి సైటేషన్ యాడ్ చెయ్యి, ఆఖరుకు బిబ్లియోగ్రఫీ అని ఒక్కసారి నొక్కు. 11 తర్వాత కాదు ఎక్కడ కొత్తది పెట్టినా కిందియి అన్ని వాటంతట అవే జరుగుతయి. రేపు వీళ్ళు కూడ వద్దంటే వేరే జర్నల్‌కు స్టైల్ మార్చుడు రెండు నిమిషాల పని.

కానీ ఒక్కటి యాదికుంచుకో, అది గుంజుకొచ్చిందంతా సక్కగుంటదని నమ్మకు. కొన్ని టైటిళ్ళు మొత్తం పెద్దక్షరాలల్ల వస్తయి, కొన్నిట్ల ప్రతి పదం మొదటక్షరం పెద్దది. జోటెరోల మాత్రం సెంటెన్స్ కేస్‌లనే, అంటే మొదటి పదానికి, పేర్లకే పెద్దక్షరం ఉండేటట్టు దాసిపెట్టు, ఎందుకంటే దాన్ని టైటిల్ కేస్‌కు (ప్రతి పదం పెద్దక్షరంతోని) మార్చుడు సాఫ్ట్‌వేర్‌కు వస్తది, ఉల్టా సక్కగ చేసుడు దానికి రాదు. నీది పురుగుల పని కాబట్టి సైంటిఫిక్ పేర్లు ఇటాలిక్‌ల రావాలె, టైటిల్ గడిల ఆ పేరుకు ముందు <i> అని, వెనక </i> అని ట్యాగ్ పెట్టాలె. 64 ఎంట్రీలు ఒక్కొక్కటి పీడీఎఫ్ పక్కన పెట్టుకొని చూడు. అసలు పని గదే, ఒక ఆదివారం పోతది. ఏదన్న తప్పు కనబడితే వర్డ్‌ల దిద్దకు, రిఫ్రెష్ కొట్టంగనే మళ్ళ పాతదే వస్తది, జోటెరోల దిద్దు.

ఓరుగల్లు పోరడు:
డీటీపీకి మాత్రం ఇయ్యకు. నేను ఇచ్చి మోసపోయిన. వాళ్ళు వేరే ఫైల్‌ల కాపీ పేస్ట్ కొట్టిండ్రు, జోటెరో లింకులన్ని సచ్చిపోయినయి. నంబర్ మీద క్లిక్ చేస్తే దాని వెనక బూడిద రంగు పడాలె, పడితే బతికున్నట్టు. పడకుంటే ఉత్త అక్షరాలే. ఇంకోటి, కొన్ని జర్నళ్ళు మొదటిసారికి ఏ స్టైల్ అయినా సరే, అంతటా ఒక్కతీరుగ ఉంటే చాలు అంటయి. పంపేముందు ఆథర్ గైడ్‌లైన్స్ చదివితే ఈ లొల్లి ఉండకపోవు.

పుస్తకాల అక్క:
పై ఇద్దరూ మంచిగ చెప్పారు. నేను లైబ్రరీలో పనిచేస్తాను, మా దగ్గరికి వచ్చే స్కాలర్లు ఎక్కువగా తప్పు చేసేది పేర్ల దగ్గర. మనకు ఇంటి పేరు ముందుంటుంది, సాఫ్ట్‌వేర్ ఏమో చివరి ముక్కనే ఇంటి పేరు అనుకుంటుంది. స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారినే తీసుకోండి, ఆయన ఇంటి పేరు కల్యంపూడి, రావు కానే కాదు. అయినా 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయిన ఆయన పేపర్‌ను ప్రపంచమంతా "రావు, 1945" అనే సైట్ చేస్తుంది. కాబట్టి మీకు తెలిసిన ఇంటి పేరును మీరు సరిదిద్దకండి, పేపర్ మీద ఎట్లా అచ్చయిందో, డేటాబేస్‌లో ఎట్లా ఉందో అట్లనే ఉంచండి. ఒకే మనిషి ఒక ఎంట్రీలో ఒక ఇనిషియల్‌తో, ఇంకో ఎంట్రీలో రెండింటితో ఉంటే ఏపీఏలో టెక్స్ట్ మధ్యలో ఉన్నట్టుండి ఇనిషియల్స్ మొలుస్తాయి, సాఫ్ట్‌వేర్ వాళ్ళను ఇద్దరు వేరు మనుషులు అనుకుంటుంది. సాఫ్ట్‌వేర్ చెడిపోయిందని మా దగ్గరికి పరుగెత్తుకొస్తారు!

వాంకూవర్‌లో ఇనిషియల్స్‌కు చుక్కలుండవు, మధ్యలో ఖాళీ ఉండదు. ఏపీఏ ఏడో ఎడిషన్ లిస్టులో ఇరవై మంది దాకా పేర్లు రాయమంటే, వాంకూవర్ అడిగే చాలా జర్నళ్ళు ఆరుగురితో ఆపి ఎట్ ఆల్ (మిగతావాళ్ళు) అంటాయి, కొన్ని మూడుకే ఆపుతాయి, మీ జర్నల్ పాత సంచిక ఒకటి తెరిచి చూసుకోండి. జర్నల్ పేర్లు కుదించి రాయాలంటే సొంతంగా కుదించకండి, అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్ళ ఎన్ఎల్ఎం క్యాటలాగ్‌లో వెతికితే దొరుకుతుంది. నేచర్, సైన్స్ లాంటి ఒక్క పదం పేర్లు కుదించరు.

మిరపతోట:
అక్కా, అన్నలు, మస్తు థ్యాంక్స్. ఇంకో రెండు డౌట్లు. 1980లల పాత పేపర్లకు డీఓఐ దొరుకుతలేదు, మా సీనియర్ థీసిస్ శోధ్‌గంగల, అదే మన దేశం థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్‌ల, ఉన్నది, దాన్ని ఎట్ల పెట్టాలె? ఇంకోటి చెప్పాల్నంటే సిగ్గయితుంది, మూడు రెఫరెన్సులు నా దోస్తు చాట్‌బాట్‌ను అడిగి ఇచ్చింది.

పుస్తకాల అక్క:
డీఓఐ లేకపోతే తప్పేం కాదు, వాల్యూమ్, పేజీలు సరిగ్గా ఉంటే చాలు. లేని డీఓఐ ఎక్కడినుంచో తెచ్చి అతికించొద్దు. థీసిస్‌ను జోటెరోలో థీసిస్ రకంగానే ఎక్కించండి, జర్నల్ ఆర్టికల్‌గా కాదు. శోధ్‌గంగలో ప్రతి థీసిస్‌కు 10603 అంకెతో మొదలయ్యే హ్యాండిల్ లింకు ఉంటుంది, అదే ఇవ్వండి, బ్రౌజర్‌లో కనబడే పొడుగు అడ్రస్ కాదు. ఆ మూడింటి డీఓఐలు ఇప్పుడే తెరిచి చూడండి.

మిరపతోట:
తెరిచిన. ఒకటి సక్కగనే ఉన్నది. ఇంకోదాని డీఓఐ కొడితే ఏదో సిమెంట్ మీద పేపర్ వచ్చింది, మూడోది ఎక్కడా లేనే లేదు, కానీ దాని ఆథర్ల పేర్లు మాత్రం మా ఫీల్డ్‌ల నిజంగ ఉన్నోళ్ళయే. అందుకే నమ్మిన. రెండూ తీసేసిన.

ఆదివారం అనుకున్నది బుధవారం దాక పట్టింది. 11 తర్వాత సార్ చెప్పిన పేపర్ పెట్టంగనే కిందియి అన్ని జరిగినయి, నేను కుర్చీలకెళ్ళి లేచి నిలవడ్డ. ఆఖరుకు చూస్తే లిస్ట్‌ల మా గైడ్ సార్‌వే మూడు పేపర్లు మూడు తీర్ల పేర్లతోని ఉన్నయి, ఒకదాంట్ల ఒక ఇనిషియల్, ఒకదాంట్ల రెండు, ఇంకోదాంట్ల ఇంటి పేరు పూర్తిగ. అక్క చెప్పినట్టు ముట్టకుండ సార్‌నే అడిగిన. నవ్వి, "మూడూ నేనేనమ్మా, అచ్చుల ఎట్లుంటే అట్లనే ఉంచు" అన్నరు. 9ల ఒక సార్, 23ల ఒక సార్, 41ల ఒక సార్. నిన్న రాత్రి పంపిన.